రూపాయి వడ్డీ

నేను తెలుగు ఎం.ఏ. చదవడానికి కారణం భాషాభిమానమని క్లాసులో పిల్లలకి చెబుతూ వుంటాను. అది సగమే నిజం. తక్కిన సగం లెక్కల భయం. పదో తరగతిలో నూటికి ముప్ఫయి అయిదు వస్తే గట్టెక్కినట్టు. నాకు సరిగ్గా ముప్ఫయి అయిదే వచ్చాయి. అందులో నేను సంపాదించుకున్నవి ఎన్నో, దిద్దిన మహానుభావుడు దయతలచి వేసినవి ఎన్నో ఆ భగవంతుడికే తెలియాలి. ఫలితాలు వచ్చిన రోజునే లెక్కల పుస్తకాలు అటకమీద పారేసి, ఇక ఈ జన్మకి అంకెల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టవలసిన రోజు నలభై ఆరో ఏట వచ్చింది.

మా ఇంట్లో లెక్కలన్నీ మా ఆవిడవి. ఒకటో తారీఖున ఇంటి ఖర్చుకని నేను కొంత సొమ్ము ఆవిడ చేతికిస్తాను. రెండో తారీఖునుంచి కాఫీ డబ్బులకి ఆవిడనే అడుగుతాను. ఆవిడ దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం వుంది. పాలు, కూరలు, గ్యాసు, కరెంటు, ఇస్త్రీ, మా అమ్మ మందులు, ఏ రోజు ఖర్చు ఆ రోజు రాత్రి అందులోకి ఎక్కవలసిందే. ప్రతి నెలా మొదటి పేజీ పైన "ఆయన ఇచ్చినది" అని రాసి ఎదురుగా అంకె వేస్తుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో నా పేరు ఆ పుస్తకంలో ఒక్కసారి కూడా పడలేదు. ఆ "ఆయన" నేనే.

మా అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. 2025 సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయి నేను పడక్కుర్చీలో కునికిపాట్లు పడుతూంటే, పుస్తకాలు పట్టుకొచ్చి ఎదురుగా చాప వేసుకుని కూచుంది. వాళ్ళ మేష్టారు రెండు పనులు చెప్పారట.

"ఒకటేమో, ఇంట్లో దొరికే అంకెలు కొన్ని తీసుకుని వాటికి మీన్, మీడియన్, మోడ్ కట్టాలి నాన్నా. రెండోది, ఎవరైనా నిజంగా తీసుకున్న అప్పు కాగితం సంపాదించి దాని అసలు వడ్డీ ఎంతో తేల్చాలి. పుస్తకంలో లెక్కలు ఎక్కించుకొస్తే మార్కులు వెయ్యరట."

అప్పు అన్న మాట వినగానే నా కునికిపాటు వదిలింది. ఎందుకు వదిలిందో తరువాత మనవి చేస్తాను.

"నాకు లెక్కలు రావని నీకు తెలుసు కదమ్మా" అన్నాను.

"రావని తెలుసులే. ఆ మాటలకి అర్థాలు చెప్పు, చాలు. ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడంలేదు."

మాటల దగ్గరికి వస్తే మనకి వెనకడుగు లేదు. మీన్ అంటే సగటు. అందరి దగ్గరా వున్నది ఒకచోట కుప్పపోసి, సమంగా పంచితే తలకి ఎంత వస్తుందో అది. మీడియన్‌ని మన పాఠ్యపుస్తకాలు మధ్యగతమన్నాయి. పొట్టివాళ్ళనుంచి పొడుగువాళ్ళదాకా వరసగా నిలబెట్టి, సరిగ్గా నడుమ వున్నవాణ్ణి చెయ్యి పట్టుకు ఇవతలికి లాగడమన్నమాట. మోడ్ అంటే బాహుళకం. సంతలో ఏ ముఖం ఎక్కువసార్లు ఎదురైతే ఆ ముఖం. బహుళం నుంచి బాహుళకం. వ్యాకరణం చదివినవాళ్ళకి పాత చుట్టమే.

అమ్మాయి తల వూపింది. ఆ వూపుతో నాకు హుషారెక్కి, లెక్కలు తెలుగువాడికి కొత్త కాదని ఒక చిన్న ఉపన్యాసం దంచాను. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాస్తే, దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. ఆ సంస్కృత మూలంలో వడ్డీ లెక్కలు బోలెడున్నాయి. ఇక ఈ సగటుల శాస్త్రం సంగతంటావా, మహలనోబిసు 1931లో కలకత్తాలో స్థాపించిన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, పాతికేళ్ళ వయస్సులో, 1945లో, ప్రపంచమంతా ఈనాటికీ చెప్పుకునే సిద్ధాంతం రాసిన సి.ఆర్. రావుగారు తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణారావు అని పూర్తి పేరు. అంతకుముందు లెక్కలు చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. నూటరెండేళ్ళు బతికి 2023లో పోయారు. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళమ్మగారు లేపి దీపం వెలిగించి పెట్టేవారట.

"మన ఇంట్లో నన్ను ఏడింటికి కూడా ఎవరూ లేపరు" అంది అమ్మాయి. వంటింట్లోంచి మా ఆవిడ, "లేపితే లేచేవాళ్ళుండాలిగా!" అంది. దాంతో ఉపన్యాసం ముగిసింది.

ఇక అంకెలు కావాలి. అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మ పొడుగు పుస్తకాలు రెండు పట్టుకొచ్చింది. "ఆయన ఇచ్చినది" అన్న వరసలే తీసుకుంటానంది. 2024 జూన్ నుంచి 2025 సెప్టెంబరుదాకా పదహారు నెలలు. నా గుండెల్లో రాయి పడింది. కాని ఏమని అడ్డు చెబుతాను?

మొదటి ఎనిమిది నెలల్లో ఏడు నెలలు నలభై రెండువేలు చొప్పున వున్నాయి. డిసెంబరులో మాత్రం పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు పన్నెండువేలు కలిసి యాభై నాలుగువేలు. తరువాతి ఎనిమిది నెలల్లో ఏడు నెలలు ముప్ఫయి అయిదువేల ఎనిమిదివందలు. జూన్‌లో మళ్ళీ పేపర్ల డబ్బు పధ్నాలుగువేలు కలిసి నలభై తొమ్మిదివేల ఎనిమిదివందలు. అమ్మాయి అన్నీ కూడింది, 6,48,400. పదహారుతో భాగిస్తే సగటు 40,525.

"నువ్వు నెలకి నలభైవేల పైచిలుకు ఇస్తున్నావు నాన్నా" అంది. బాగానే వుందనుకున్నాను. ఆ పుస్తకంలో ఎక్కడా నలభైవేల అయిదువందల పాతిక అన్న అంకె లేదు. నేను ఏ నెలా అంత ఇవ్వలేదు. ఐనా సగటు అంత. ఏమీ జరగనట్టు కప్పిపుచ్చింది, పుణ్యాత్మురాలు.

తరువాత అంకెలన్నీ చిన్నవాటినుంచి పెద్దవాటిదాకా వరసలో పెట్టింది. పదహారింటికి నడుమ ఎనిమిదోదీ తొమ్మిదోదీ. రెండూ నలభై రెండువేలే. మధ్యగతం 42,000. ఇది ఇంకా ధర్మాత్మురాలు. నా జీతానికి ఏ లోటూ రాలేదని ప్రమాణం చేసి చెబుతోంది. నేను పడక్కుర్చీలో మళ్ళీ వెనక్కి వాలాను.

"నాన్నా, మోడు రెండొస్తున్నాయేమిటి?"

"రెండేమిటి?"

"నలభై రెండువేలు ఏడుసార్లు. ముప్ఫయి అయిదువేల ఎనిమిదివందలు ఏడుసార్లు. ఇల్లా రెండు శిఖరాలు వస్తే అది ఒక్క సరుకు కాదు, రెండు వేరువేరు సరుకులు కలిసిపోయి వుంటాయేమో చూసుకోవాలన్నారు మా మేష్టారు." పుస్తకం తిరగేసింది. "అవును. జనవరిదాకా ఒకటి, ఫిబ్రవరినుంచి ఒకటి. ఫిబ్రవరిలో ఏమైంది?"

"ఫిబ్రవరిలో ఇన్‌కంటాక్సు కోత వుంటుందమ్మా."

"సెప్టెంబరులో కూడానా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నేను జవాబు చెప్పలేదు. కొంచెం సేపటికి గిన్నెలు మళ్ళీ మోగాయి. అమ్మాయి కాగితంమీద రెండు మోడులూ రాసుకుని కింద గీత గీసుకుంది.

ఇప్పుడు ఆ ఫిబ్రవరి కథ చెప్పాలి.

మా తమ్ముడు సత్తెనపల్లి దగ్గర పల్లెలో మూడెకరాలు కౌలుకి చేస్తాడు. మిరప. 2024 మే నెలలో ఊళ్ళో ఒక ఆసామి దగ్గర ప్రోనోటు రాసి లక్ష రూపాయలు తెచ్చాడు, రెండు రూపాయల వడ్డీకి. మన వైపు వడ్డీ నెల లెక్కన చెబుతారని మీకు తెలియనిదేముంది? నూటికి నెలకి రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. జనవరికి ఎనిమిది నెలల వడ్డీ పదహారువేలు. లక్షా పదహారువేలు. ఆసామికి ఏం అవసరం వచ్చిందో, ఒకరోజు పొద్దున్నే వచ్చి మా తమ్ముడి అరుగుమీద కూచున్నాడట. అన్నాల వేళకి కూడా లేవలేదట. ఆ రాత్రి తమ్ముడు ఫోనులో మాట్లాడలేకపోయాడు. వాడు మాట్లాడలేకపోవడం మా నాన్న పోయిన రోజు తరువాత అదే మొదటిసారి.

వాడికి డబ్బు ఇవ్వడానికి మా ఇంట్లో ఒక చిక్కు వుంది. అంతకు రెండేళ్ళ కిందట వాడికి అరవైవేలు ఇచ్చాం. అవి మా ఆవిడ నాలుగేళ్ళు కట్టిన చీటీ పాడి తెచ్చినవి. అమ్మాయి చదువుకని దాచినవి. ఆ అరవైవేలూ ఇంకా రాలేదు. మా ఆవిడ ఏనాడూ ఎత్తిపొడవలేదు కాని, "ఇక మీ తమ్ముడికి పెట్టుబడులు మన వల్ల కాదు" అని ఒకసారి మెల్లిగా చెప్పింది. గట్టిగా చెప్పివుంటే ఎదురు చెప్పేవాణ్ణి. మెల్లిగా చెప్పడంవల్ల దాటలేకపోయాను, దాటకుండా వుండనూ లేకపోయాను.

బ్యాంకికి వెడితే నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా ఇంట్లో తెలిసిపోతుంది. ఊళ్ళో ఒక ఫైనాన్సు కంపెనీ వాళ్ళు ఒక్క పూటలో ఇస్తారని విన్నాను. వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రవాడు కుర్చీ వేసి కూచోబెట్టి, "పన్నెండు పర్సెంటు ఫ్లాటు సార్. అంటే మన భాషలో రూపాయి వడ్డీ" అన్నాడు. ఫ్లాటు అంటే మేడమీద మేడగా కట్టే ఇళ్ళు తప్ప మరో అర్థం తెలియని మనిషిని నేను. రూపాయి వడ్డీ అన్న మాట మాత్రం చెవికి తేనెలాగ తగిలింది. వాడక్కడ రెండు రూపాయల వడ్డీతో చస్తూంటే నేనిక్కడ రూపాయికి తెచ్చి వాణ్ణి గట్టెక్కిస్తున్నాను! అన్నగారన్నవాడు చెయ్యవలసిన పని కదా?

లెక్క కూడా కుర్రవాడు నా కళ్ళముందే కట్టాడు. లక్షా ఇరవైవేల అసలు. ఏడాదికి పన్నెండు చొప్పున 14,400, రెండేళ్ళకి 28,800. మొత్తం 1,48,800. ఇరవై నాలుగు వాయిదాలు, వాయిదాకి సరిగ్గా 6,200. పైసలు కూడా మిగలకుండా ఇంత శుభ్రంగా తెగిన భాగహారం నేను చిన్నప్పుడు ఎన్నడూ చూడలేదు. ముచ్చటేసింది. కాగితాల ఖర్చు 2,400, భీమా 1,600 ముందే పట్టుకుని లక్షా పదహారువేలు చేతికిచ్చారు. తమ్ముడి బాకీ కూడా సరిగ్గా లక్షా పదహారువేలు! దైవసంకల్పమనుకున్నాను.

సంతకాలు చేసేటప్పుడు నా బుద్ధి ఎక్కడుందో కూడా చెబుతాను. ఆ కుర్రవాడికి వడ్డీ అన్న మాట పుట్టుక చెబుతున్నాను. సంస్కృతంలో వృద్ధి, ప్రాకృతంలో వడ్ఢి, మనకి వచ్చేసరికి వడ్డి. "అల్లాగా సార్!" అని అతను ఒక్కొక్క కాగితమే తిప్పుతూ, వేలితో చూపించినచోటల్లా నేను సంతకం పెడుతున్నాను. మూడో పేజీలో "వార్షీక" అని అచ్చయి వుంది. ఓర్చుకోలేకపోయాను. జేబులోని ఎర్రకలం తీసి గుడిదీర్ఘం చుట్టూ సున్న చుట్టి పక్కన "వార్షిక" అని దిద్ది, కింద సంతకం పెట్టాను. కుర్రవాడు కూడా సంతోషించాడు.

తమ్ముడు పంట రాగానే ఇస్తానన్నాడు. పంట వచ్చింది. ధర రాలేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసివచ్చిన సంగతి పేపర్లలో చదివే వుంటారు. వాడు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని కూచున్నాడు. నేను నెలనెలా అయిదో తారీఖున 6,200 కట్టుకుంటూ కూచున్నాను.

అందుకని ఆ ఆదివారం అమ్మాయి "ఎవరిదైనా అప్పు కాగితం దొరుకుతుందా నాన్నా?" అని రెండోసారి అడిగినప్పుడు నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఇది రూపాయి వడ్డీయేనని అమ్మాయి నోట వినాలనిపించింది. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన ఘనకార్యం కదా! కాలేజీ సంచిలోంచి కాగితాలు తీసి, పేరున్నచోట మడిచి గుండుసూది గుచ్చి, "మా స్నేహితుడొకడు తీసుకున్నాడు. జాగ్రత్తగా చూసి ఇచ్చెయ్యి" అన్నాను.

అమ్మాయి పది నిముషాలు చూసింది. "పాపం, మీ స్నేహితుడు" అంది.

"ఏం? రూపాయి వడ్డీయే కదా?"

"కాదు నాన్నా. చూడు. మూడు గదుల ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నావనుకో. నెలకో గది ఖాళీచేసి తాళం ఇచ్చేస్తున్నావు. అద్దె మాత్రం మూడు గదులకీ కడుతూనే వున్నావు. ఎల్లా వుంటుంది?"

"ఎవడు కడతాడు?"

"మీ స్నేహితుడు కడుతున్నాడు. ప్రతి వాయిదాలోనూ అసలు కొంత తిరిగి ఇచ్చేస్తున్నాడుగా? వడ్డీ మాత్రం ఆఖరి నెలదాకా లక్షా ఇరవైవేలమీదే వేశారు. ఫ్లాటంటే అదే."

తరువాత ఆ పిల్ల చేసిన పని చూసి నేను నివ్వెరపోయాను. ఇందాక నేను అర్థం చెప్పిన సగటునే తీసుకొచ్చి ఇక్కడ వాడింది. 1,48,800ని ఇరవై నాలుగు ముక్కలు చేస్తే ప్రతి ముక్కలోనూ అసలు అయిదువేలు, వడ్డీ పన్నెండువందలు. అంటే మొదటి నెల అతని చేతిలో వున్న అప్పు 1,20,000. రెండో నెల 1,15,000. ఆఖరి నెల అయిదువేలే. మొదటిదీ ఆఖరిదీ కలిపితే లక్షా పాతికవేలు, అందులో సగం 62,500. రెండేళ్ళపాటు అతను సగటున వాడుకున్న సొమ్ము అంతే. దానిమీద ఏడాదికి 14,400 వడ్డీ కడుతున్నాడు.

"నూటికెంత?" అన్నాను, గొంతు తడారి.

"ఇరవై మూడు. ఇది ఉజ్జాయింపే. నిజానికి మొదటి నెలల్లో వాయిదాలోంచి వడ్డీకే ఎక్కువ పోయి, అసలు నెమ్మదిగా తరుగుతుంది. అందుకని సగటు బాకీ ఇంకొంచెం ఎక్కువే వుంటుంది. వెయ్యవలసిన రీతిలో వేస్తే ఇరవై ఒకటిన్నర చిల్లర." ఫోనులో ఏదో అంకెల గళ్ళ పట్టిక తెరిచింది. "అయ్యో, ఆగు. చేతికి వచ్చింది లక్షా ఇరవై కాదు, లక్షా పదహారే. తీసుకోని నాలుగువేలకి కూడా వడ్డీ కడుతున్నాడు. అదీ కలిపితే..."

నేను గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాను.

"ఇరవై అయిదు పాయింటు ఒకటి అయిదు. పన్నెండుతో భాగిస్తే నెలకి రెండు రూపాయల పది పైసలు. రూపాయి వడ్డీ ఎక్కడ నాన్నా! ఊళ్ళో ప్రోనోటుమీద తెచ్చుకున్నా రెండు రూపాయలేగా?"

ఇది మా అమ్మాయి ఏమీ ఎరక్క అన్నమాట. మా తమ్ముణ్ణి రెండు రూపాయల వడ్డీలోంచి తప్పించి, నేను రెండు రూపాయల పది పైసల వడ్డీలో దిగాను. అరుగుమీద కూచున్న ఆ ఆసామికంటే టై కట్టుకున్న కుర్రవాడు పది పైసలు ఎక్కువ పుచ్చుకుంటున్నాడు. అరుగుమీద కూచోలేదు, అంతే తేడా.

"మోసం!" అన్నాను.

"మోసమనడానికి లేదు" అని ఇంకో పేజీ తిప్పింది. "2024 అక్టోబరు ఒకటినుంచి కొత్త అప్పులకి ముఖ్యవివరాలన్నీ ఒకచోట, తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకి నిబంధన పెట్టిందని మా మేష్టారు చెప్పారు. ఖర్చులన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో కూడా అందులో వెయ్యాలిట. వుండాలి మరి... ఇదిగో. మూడో పేజీ. తెలుగులోనే వుంది. వార్షిక శాతం రేటు 25.15."

చెప్పి, ఆగింది. కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. ఆ అంకెకి అంగుళం దూరంలో ఎర్రసిరాతో సున్న చుట్టి వుంది. గుడిదీర్ఘం చుట్టూ. పక్కన "వార్షిక" అని దిద్ది వుంది. ఒకటో తరగతినుంచి తన పుస్తకాల్లో ఆ ఎర్రసున్నలు చూస్తూ పెరిగిన పిల్ల.

"నాన్నా, మీ స్నేహితుడు కూడా తెలుగు మేష్టారేనా?"

నేను మాట్లాడలేదు. అమ్మాయి పక్కనున్న రెండో కాగితం, మోడులు రాసుకున్నది, దగ్గరికి లాక్కుంది.

"నలభై రెండువేలలోంచి ముప్ఫయి అయిదువేల ఎనిమిదివందలు తీసేస్తే ఎంత?"

"ఆరువేల రెండువందలు" అన్నాను. నోటిలెక్క తప్పులేకుండా చెప్పడం నా జన్మలో అదే మొదలు.

గొంతు తగ్గించి, "అమ్మకి తెలుసా?" అంది. నేను తల అడ్డంగా తిప్పాను. దాని ముఖంలో కోపం కనిపించివుంటే నాకు బాగుండేది. అది పెన్సిలు కింద పెట్టి, మడిచి గుచ్చిన కాగితాన్ని అరచేత్తో మెల్లిగా నిమిరి, ఎవరో వస్తున్నట్టు తలుపు వైపు చూసింది.

మా ఆవిడ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి అమ్మాయి ముందు పెట్టి, చాపమీద కూచుంది. కాగితాలవైపు చూడలేదు.

"ఫిబ్రవరిలో టాక్సన్నారు. మార్చిలో టాక్సన్నారు. ఏప్రిల్లో ఏమీ అనలేదు, నేనూ అడగలేదు" అంది. "ఎప్పుడు చెబుతారో చూద్దామనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది. అదీ అమ్మాయి లెక్క కడితే."

"నీకు తెలుసా?"

"ఆరువేల రెండువందలు తగ్గితే తెలియదా? ఏ నెల కూరల్లో తగ్గించానో, ఏ నెల నెయ్యి మానేశానో ఆ పుస్తకంలో వుంది, చదువుకోండి. ఎవరికిచ్చారో కూడా తెలుసు. జనవరిలో ఆ రాత్రి ఫోనులో మీ గొంతు విన్నాను."

చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ప్రోనోటు, ఆసామి, అరుగు, రూపాయి వడ్డీ, అన్నీ వరసగా చెప్పేశాను. రెండు రూపాయల పది పైసలు అన్న దగ్గర అమ్మాయి నాకు సాయంగా కాగితం చూపించింది. మా ఆవిడ అంతా విని, కాసేపు వూరుకుని, "ఇది రెండు రూపాయల పది పైసలని మీ తమ్ముడికి తెలుసా?" అంది.

"తెలీదు."

"చెప్పకండి. అన్నయ్య తక్కువ వడ్డీకి తెచ్చి పెట్టాడని వూరంతా చెప్పుకుని వుంటాడు." లేవబోయి మళ్ళీ కూచుంది. "బస్తాలు అమ్మిన రోజున మాత్రం అసలు అడగండి. మీరు అడగలేకపోతే నేనడుగుతాను."

ఆ సాయంత్రం లెక్క ముగ్గురం కలిసి చేశాం. అంటే వాళ్ళిద్దరూ చేశారు, నేను అంకెలు చదివిపెట్టాను. ఎనిమిది వాయిదాల్లో కట్టింది 49,600. వాయిదాకి అయిదువేల చొప్పున నలభైవేల అసలు తీరిపోయిందని నా లెక్క. కాని మర్నాడు ఫైనాన్సువాళ్ళని అడిగితే తీరినది ముప్ఫయి నాలుగున్నరవేల లోపేనని, ఇంకా 85,500 చిల్లర వుందని తేలింది. ముందుగా తీర్చేస్తే నూటికి నాలుగు చొప్పున రుసుము, దానిమీద పన్ను. అన్నీ కలిపి 89,600. బ్యాంకిలో బంగారంమీద ఏడాదికి నూటికి తొమ్మిది. అదే 6,200 చొప్పున కట్టుకుపోతే పదహారో నెల సగంలోపే తీరిపోతుంది. ఇంతా చేస్తే మిగిలేది సుమారు నాలుగువేలు.

నాలుగువేలకోసం గాజులు తాకట్టా అన్నాను. నాకు మనస్సొప్పలేదు. ఆ జత రెండు కాసులు. పెళ్ళిలో వాళ్ళ నాన్నగారు పెట్టినవి.

"నాలుగువేలంటే మనకి నెల కూరలు" అంది మా ఆవిడ. "పైగా పేపర్ల డబ్బు వచ్చినప్పుడు అక్కడ ఎంత కావాలంటే అంత కట్టుకోవచ్చు, రుసుము లేదు. పేపర్లు దిద్దడం మీకు వచ్చుగా." ఆ ఒక్క పోటు తప్ప మరేమీ పొడవలేదు.

బుధవారం బ్యాంకికి వెళ్ళాం. కంసాలి గీటురాయిమీద గీసి, తూచి, చీటీ రాసి ఇచ్చాడు. దరఖాస్తు నాలుగు పేజీలుంది. మా ఆవిడ అక్కడే బల్లమీద కూచుని మొదటినుంచి చివరిదాకా చదివింది. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నా లేవలేదు. రెండుచోట్ల అచ్చుతప్పులున్నాయి. నేను చూశాను, ఎర్రకలం బయటికి తియ్యలేదు.

అక్టోబరు ఒకటిన జీతం రాగానే నలభై రెండువేలు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పొడుగు పుస్తకం తెరిచి, కొత్త పేజీ పైన "ఆయన ఇచ్చినది 42,000" అని రాసి, కింద ఖర్చుల్లో మొట్టమొదట "బ్యాంకి 6,200" అని వేసింది. అమ్మాయి పక్కనుంచి తొంగిచూసి తన రికార్డు తెచ్చుకుంది. నలభై రెండువేలకి ఎదురుగా వున్న ఏడు కొట్టేసి ఎనిమిది చేసింది. ముప్ఫయి అయిదువేల ఎనిమిదివందల ఎదుట ఏడు అల్లాగే వుంచింది. మోడు ఇప్పుడు ఒక్కటే.